హైలురోనిక్ యాసిడ్ సీరం రాసినా ముఖం గుంజుతోంది, ఎందుకు?

చలిగాలి_ఆదిలాబాద్
డిసెంబర్ 9, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నాకు 27 ఏళ్ళు. ఆదిలాబాద్‌లో బ్యాంకులో పని చేస్తున్నాను. మాఘమాసంలో పెళ్ళి. ప్రతి చలికాలం నా ముఖం ఎండిపోతుంది, ఈసారి ముందే జాగ్రత్తపడదామని హైలురోనిక్ యాసిడ్ సీరం ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. మొదటి రెండు రోజులు ముఖం నిండుగా, నునుపుగా అనిపించింది. ఇప్పుడు పన్నెండు రోజులైంది. రాసిన పది నిమిషాలకే బుగ్గలు గుంజుతున్నాయి. ముక్కు పక్కన, గడ్డం మీద తెల్లగా పొట్టు లేస్తోంది. నవ్వితే చర్మం చిట్లినట్టు ఉంటోంది.

పొద్దున, రాత్రి ముఖం కడిగి, టవల్‌తో తుడుచుకుని, ఐదు చుక్కలు రాసుకుంటున్నాను. దాని మీద ఇంకేమీ రాయడం లేదు, ఇదే మాయిశ్చరైజర్ అనుకున్నాను. మా దగ్గర పొద్దున ఎనిమిది డిగ్రీలు ఉంటోంది. అమ్మకు చలి పడదు కాబట్టి రాత్రంతా రూమ్ హీటర్ వేసే ఉంటుంది.

నీళ్ళు పట్టి ఉంచే మందు అన్నారు కదా, మరి ఇలా ఎందుకు ఎండిపోతోంది? నాకు పడలేదా? దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.


సాగరతీరం
డిసెంబర్ 9, రాత్రి 9:48

నేను విశాఖలో రెండేళ్ళుగా ఇదే వాడుతున్నాను. సీరం ఒక్కటే, పైన ఏమీ లేదు. ముఖం మెత్తగానే ఉంటుంది. మీరు కొన్నది నకిలీదేమో చూసుకోండి. ఇంకో కంపెనీది ప్రయత్నించండి.


రియాద్_నర్సు
డిసెంబర్ 10, తెల్లవారుజామున 1:15

చెల్లీ, సీసా మార్చి డబ్బులు పోసుకోవద్దు, ముందు ఇది చదువు.

నేను నాలుగేళ్ళు జెద్దాలో పని చేశాను. అక్కడ ఇదే సీరం రాసేదాన్ని, విశాఖ వాళ్ళలాగే పైన ఏమీ లేకుండా. బ్రహ్మాండంగా ఉండేది. తర్వాత రియాద్‌కు మారాను. అదే కంపెనీ, అదే సీసా, అదే ముఖం. వారం తిరిగేసరికి నీలాగే పొట్టు. మొదట నాకూ అర్థం కాలేదు. తర్వాత మా వార్డులో సీనియర్ ఒకావిడ చెప్పింది: జెద్దా ఎర్ర సముద్రం ఒడ్డున ఉంది, గాలి నిండా తేమ. రియాద్ ఎడారి మధ్యలో ఉంది, గాలి ఎప్పుడూ పొడే. మందు మారలేదు, గాలి మారింది.

అప్పటినుంచి ఒకటే పద్ధతి. ముఖం కడుక్కున్నాక పూర్తిగా తుడవను. మెత్తటి బట్టతో అద్దుతాను, తడి తడిగా ఉండగానే రెండు మూడు చుక్కలు రాస్తాను. అది ఆరిపోకముందే, అంటే నిమిషం లోపే, పైన చిక్కటి క్రీమ్. చేతులకైతే రోజుకు ముప్పై నలభైసార్లు శానిటైజర్ పడుతుంది, అందుకని డ్యూటీ అయ్యాక వాసెలిన్ రాసి నూలు గ్లవ్స్ వేసుకుని పడుకుంటాను. అరచేతుల పగుళ్ళు పోయాయి.

నువ్వు పొడి ముఖం మీద, పొడి గదిలో, పైన మూత లేకుండా రాస్తున్నావు. పైగా రాత్రంతా హీటర్. అదే కారణమని నా నమ్మకం.


బడిపంతులు_తెనాలి
డిసెంబర్ 10, ఉదయం 6:30

అమ్మా, ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పినవాడిని. రియాద్ అమ్మాయి చెప్పింది సరిగ్గా ఉంది. ఎందుకు సరైందో కాస్త వివరంగా చెబుతాను. విషయం తెలిస్తే ఏ సీసా కొనాలో, ఏది అక్కర్లేదో మీకే తెలుస్తుంది.

హైలురోనిక్ యాసిడ్ అంటే పేరులో యాసిడ్ ఉందని భయపడక్కర్లేదు. ఇది ఒక రకం చక్కెర గొలుసు. రెండు చక్కెర ముక్కలు ఒకదాని పక్కన ఒకటి వేల సార్లు అల్లుకుంటూ పోతే ఈ గొలుసు అవుతుంది. మన ఒంట్లోనే తయారవుతుంది. డెబ్భై కిలోల మనిషిలో సుమారు 15 గ్రాములు ఉంటుంది, అందులో సగం చర్మంలోనే. రోజూ దాదాపు మూడోవంతు కరిగిపోయి కొత్తది పుడుతుంది. కీళ్ళ మధ్య జిగురులో ఇదే, కంటి లోపలి గుజ్జులో ఇదే, బొడ్డుతాడులో ఉండే జిగట పదార్థంలోనూ ఇదే. దీన్ని మొదట వేరు చేసింది 1934లో, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు. పశువు కంటి గుజ్జు నుంచి తీశారు. గాజులా ఉంటుందని గ్రీకు భాషలో గాజుకున్న మాట పట్టుకుని పేరు పెట్టారు. నేను కంటిశుక్లం ఆపరేషన్ తర్వాత కళ్ళు పొడిబారి వేసుకుంటున్న చుక్కల మందు సీసా తిప్పి చూస్తే, దాని మీదా సోడియం హైలురోనేట్ అనే ఉంది. దీని లవణరూపం అది.

ఇప్పుడు అసలు సంగతి. చర్మంలో పుట్టేది ఎక్కువగా లోపలి పొరలో ఉంటుంది. మనం సీసాలోంచి రాసేది పైపొర మీద ఉంటుంది. ఈ రెండూ కలవవు. పైపొరను దాటి సులువుగా లోపలికి పోవాలంటే అణువు బరువు సుమారు 500 డాల్టన్ల లోపు ఉండాలని ఒక లెక్క. సీరంలో వాడే పెద్ద గొలుసులు పది లక్షల డాల్టన్లు, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటాయి. ముక్కలు చేసిన చిన్నవీ వాడతారు, అవి కొంచెం కిందికి దిగుతాయి. అయినా మీ ఒంట్లో తగ్గిన దాన్ని ఇది పూరిస్తుందని అనుకోవద్దు. పైపొర మీద తడి పట్టి ఉంచే పల్చని పొరగా పని చేస్తుంది, అంతే. ఆ పని బాగా చేస్తుంది.

తన బరువుకు వెయ్యి రెట్లు నీళ్ళు పట్టుకుంటుందని ప్రకటనల్లో చెబుతారు. సరే, ఆ మాటే నిజమనుకుని లెక్క వేద్దాం. మూడు చుక్కలంటే 0.15 మిల్లీలీటరు. అందులో ఒక శాతం హైలురోనిక్ యాసిడ్ ఉంటే ఒకటిన్నర మిల్లీగ్రాములు. దానికి వెయ్యి రెట్లంటే ఒకటిన్నర గ్రాముల నీళ్ళు, టీ చెంచాలో మూడోవంతు కూడా కాదు. ఆ కొంచెం నీళ్ళైనా ఎక్కడినుంచి రావాలి? విశాఖలో గాలి ఇస్తుంది. ఆదిలాబాద్‌లో డిసెంబర్ గాలి ఇవ్వదు, హీటర్ పెట్టిన గది అసలే ఇవ్వదు. కాబట్టి మీరే ఇవ్వాలి, అంటే తడి ముఖం మీద రాయాలి. ఇచ్చిన నీళ్ళు ఆవిరైపోకుండా పైన మూత పెట్టాలి.

కుండలో నీళ్ళు పోసి మూత పెట్టకుండా ఎండలో ఉంచితే కుండ మంచిది కాదని అనలేం కదమ్మా.


పెద్దమ్మ_కర్నూలు
డిసెంబర్ 10, ఉదయం 11:05

నాకు 66 ఏళ్ళు. నా చిన్నప్పటినుంచి చలికాలం రాగానే నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి ఒంటికి పట్టించి, గంట తర్వాత సున్నిపిండితో రుద్దుకుని స్నానం చేసేవాళ్ళం. పెదవులకు వెన్న, మడమలకు ఆముదం. మా ఊళ్ళో ఎండాకాలం మండిపోతుంది, చలికాలం పొడిగాలి. అయినా మా అమ్మ 80 ఏళ్ళకు కూడా చర్మం పట్టులా ఉండేది. ఈ కాలం పిల్లలు చిన్న సీసాకు ఏడెనిమిది వందలు పెడుతున్నారు. ముందు ఇంట్లో ఉన్న నూనె వాడి చూడమ్మా. నీ మేలు కోరి చెబుతున్నాను.


మందుల_షాపు_బెజవాడ
డిసెంబర్ 10, మధ్యాహ్నం 2:40

పెద్దమ్మగారూ, మీ మాటలో నిజం ఉంది. నేను ఫార్మసిస్టుని, ఇరవై ఏళ్ళుగా కౌంటర్‌లో ఉన్నాను. నూనె చేసేది మూత పని. లోపలి తడి బయటికి పోకుండా అడ్డుకుంటుంది. కానీ నూనెలో నీళ్ళు లేవు, కాబట్టి ఎండిన చర్మం మీద రాస్తే మెరుపు వస్తుంది, గరుకు తగ్గుతుంది, తడి మాత్రం రాదు. అదే స్నానం అయిన వెంటనే తడి ఒంటి మీద రెండు చుక్కల నూనె రాస్తే ఫలితం వేరు. మీ అమ్మగారి కాలంలో నూనె స్నానం తర్వాత కూడా ఒంటి మీద కొంత నూనె మిగిలేది. ఈ రోజుల్లో నురగ సబ్బుతో మొత్తం కడిగేస్తున్నాం.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. మొటిమలు వచ్చే ముఖానికి కొబ్బరినూనె మంచిది కాదు, రంధ్రాలు మూసుకుపోతాయి. ముక్కు పక్కన, కనుబొమ్మల్లో జిడ్డుగా పసుపు రంగు పొట్టు లేస్తుంటే అది చుండ్రు జాతి సమస్య కావచ్చు. అక్కడ నూనె రాస్తే పెరుగుతుంది.

ఇంక ధర గురించి. నా కౌంటర్ దగ్గరకు వచ్చి హైలురోనిక్ యాసిడ్ అడిగేవాళ్ళకు నేను ముందు గ్లిజరిన్ గురించి చెబుతాను. దాని అణువు బరువు 92 డాల్టన్లు మాత్రమే. పంతులుగారు చెప్పిన 500 లెక్కలో హాయిగా ఇముడుతుంది, పైపొరలోకి దిగి అక్కడ తడి పట్టుకుంటుంది. చవక. దశాబ్దాలుగా అందరూ వాడుతున్నదే. నేరుగా సీసాలోంచి చిక్కగా రాయకూడదు, జిగటగా ఉంటుంది, కొందరికి మంట పుడుతుంది. గ్లిజరిన్ కలిసిన మామూలు క్రీమ్ చాలు. యూరియా ఐదు పది శాతం ఉన్న క్రీమ్ మడమలకు, మోచేతులకు చాలా మంచిది.

అలాగని హైలురోనిక్ యాసిడ్ వద్దనడం లేదు. తేలిగ్గా ఉంటుంది, జిడ్డు ఉండదు, చర్మం వెంటనే నిండుగా కనబడుతుంది. కానీ గ్లిజరిన్, సెరమైడ్లు (చర్మం పైపొర కణాలను సిమెంటులా అతికి ఉంచే కొవ్వులు) ఉన్న మంచి క్రీమ్ ఒకటి ఉన్నాక అది అదనం. క్రీమ్ లేకుండా అదొక్కటే కొనడం మాత్రం మీ కేసులోలాగే ముగుస్తుంది. వెయ్యి రూపాయల బడ్జెట్ ఉంటే ముందు క్రీమ్, తర్వాత సన్‌స్క్రీన్, మిగిలితే సీరం.


శాకాహారి_నెల్లూరు
డిసెంబర్ 10, సాయంత్రం 5:12

పంతులుగారూ, పశువు కంటినుంచి తీశారని రాశారు. చదివి కొంచెం ఇబ్బందిగా అనిపించింది. ఇంట్లో పూజకు ముందు ముఖానికి రాసుకునేది కదా. ఇప్పటికీ జంతువుల నుంచే తీస్తారా?


బడిపంతులు_తెనాలి
డిసెంబర్ 10, సాయంత్రం 6:50

మీ సందేహం న్యాయమైనదే. 1934లో అలా తీశారు. ఆ తర్వాత చాలాకాలం కోడిపుంజు తలమీది ఎర్రటి జుట్టు నుంచి తీసేవారు, అందులో ఇది ఎక్కువగా ఉంటుంది. ఇప్పుడు సౌందర్య సాధనాల్లో వాడేది ఎక్కువగా సూక్ష్మజీవుల చేత తయారు చేయిస్తున్నారు. పెద్ద పెద్ద ట్యాంకుల్లో గ్లూకోజ్ లాంటి ఆహారం పెట్టి పులియబెడతారు. వాటిలో స్ట్రెప్టోకాకస్ జాతి బ్యాక్టీరియా ఒకటి. మన పెరుగు తోడుపెట్టే సూక్ష్మజీవుల్లోనూ ఆ కుటుంబానికి చెందినది ఉంది, అది మంచిది, వేరే రకం. మీరు కొనే సీసా గురించి ఖాయంగా తెలియాలంటే కంపెనీ వినియోగదారుల నంబరుకు ఫోన్ చేసి పులియబెట్టి చేసిందేనా అని అడగండి.


మిన్నియాపోలిస్_తెలుగోడు
డిసెంబర్ 11, ఉదయం 8:25

మా ఊళ్ళో జనవరిలో బయట మైనస్ ఇరవై ఉంటుంది, ఇంట్లో హీటింగ్ ఆరు నెలలు ఆగదు. చల్లటి గాలిలో నీటి ఆవిరి చాలా తక్కువ. దాన్నే వేడి చేసి గదిలోకి వదిలితే తేమ శాతం ఇంకా పడిపోతుంది. మా ఇంట్లో చిన్న తేమ మీటర్ కొని పెట్టాను. మొదటి చలికాలం చూస్తే 16 శాతం! పిల్లాడికి రాత్రిళ్ళు ముక్కులోంచి రక్తం వచ్చేది. హ్యూమిడిఫయర్ పెట్టి 35 వరకు తెచ్చాం, ఆగిపోయింది. నా భార్య వాడే సీరం కూడా ఆ తర్వాతే పని చేయడం మొదలుపెట్టిందని తనే అంటుంది. మరీ ఎక్కువ పెట్టకూడదు, కిటికీలకు నీళ్ళు పట్టి బూజు వస్తుంది.

హైదరాబాద్‌లో ఏసీ ఆఫీసుల్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్ళకు కూడా ఇదే సమస్య. ఏసీ పైపులోంచి బయటికి కారే నీళ్ళు చూశారా? అవి మీ గదిలో గాలి నుంచి తీసిన తేమే.

ఆదిలాబాద్ చెల్లెమ్మకు నా సలహా: హీటర్ పడుకునేముందు గంట వేసి ఆపేయండి, అమ్మగారికి రెండు రగ్గులు ఇవ్వండి. కుదరకపోతే గదిలో వెడల్పు గిన్నెలో నీళ్ళు పెట్టండి, తడి టవల్ ఆరేయండి. హీటర్‌కు దూరంగా మాత్రం.


నూనెముఖం_22
డిసెంబర్ 11, ఉదయం 10:10

నాదో ప్రశ్న. నాకు ముఖమంతా జిడ్డు, మొటిమలు కూడా ఉన్నాయి. అయినా ముఖం కడిగిన వెంటనే గుంజుతుంది. జిడ్డు ముఖానికి ఇది రాయొచ్చా? మాయిశ్చరైజర్ రాస్తే ఇంకా జిడ్డు అవుతుందని నేను ఏదీ రాయను. రోజుకు నాలుగుసార్లు సబ్బుతో కడుగుతాను.


మందుల_షాపు_బెజవాడ
డిసెంబర్ 11, ఉదయం 11:30

తమ్ముడూ, జిడ్డు వేరు, తడి వేరు. నూనె గ్రంథులు బాగా పని చేస్తూ కూడా పైపొరలో నీళ్ళు తక్కువ ఉండొచ్చు. నీ కేసు అదే. మామూలు సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) తొమ్మిది పది దాకా ఉంటుంది, చర్మం పైభాగం ఐదు దగ్గర ఉంటుంది. నాలుగుసార్లు కడిగితే పైపొర సిమెంటు మొత్తం పోతుంది. రెండుసార్లు చాలు, సబ్బు లేని తేలికపాటి ఫేస్‌వాష్‌తో. తర్వాత తడి ముఖం మీద ఈ సీరం, పైన నూనె లేని జెల్ మాయిశ్చరైజర్. నీలాంటి ముఖానికే ఈ సీరం ఎక్కువ ఉపయోగం. మొటిమలకు మందు వేరే వాడాలి, ఇది వాటిని తగ్గించదు, పెంచదు.


చర్మవైద్యం_పీజీ
డిసెంబర్ 11, రాత్రి 10:45

నేను చర్మవ్యాధుల విభాగంలో పీజీ రెండో సంవత్సరం. ఇక్కడ అందరూ చెప్పిన విషయాలు బాగున్నాయి. కానీ ఆదిలాబాద్ అక్క రాసింది మళ్ళీ చదివితే నాకో అనుమానం వస్తోంది. పొడి గాలి వల్ల గుంజుతుంది, సరే. పన్నెండు రోజుల్లో పొట్టు లేచి, నవ్వితే చిట్లినట్టు అనిపించేంత రావాలంటే పైపొర అప్పటికే బలహీనంగా ఉండి ఉండాలి.

అక్కా, కొంచెం ఓపిగ్గా జవాబు చెప్పండి. సీరం కాకుండా ముఖానికి ఇంకేం రాస్తున్నారు? రాత్రి క్రీమ్ ఏదైనా ఉందా? పెళ్ళి కదా, రంగు తేలడానికి ఎవరైనా క్రీమ్ ఇచ్చారా? ఎండలోకి వెళ్తే ముఖం ఎర్రబడి మండుతోందా? థైరాయిడ్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా?


చలిగాలి_ఆదిలాబాద్
డిసెంబర్ 12, ఉదయం 7:05

అందరికీ చాలా కృతజ్ఞతలు. రెండు రోజులుగా తడి ముఖం మీద రాసి పైన క్రీమ్ రాస్తున్నాను, గుంజుడు సగం తగ్గింది. హీటర్ పదకొండుకు ఆపేస్తున్నాం.

డాక్టర్‌గారూ, మీరు అడిగింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నిజమే. ఆగస్టులో నిశ్చితార్థం అయ్యాక బుగ్గల మీద నల్లమచ్చలు ఉన్నాయని మా బంధువు ఒకావిడ ఒక ట్యూబ్ పేరు చెప్పింది. ఇక్కడే మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చారు. రాత్రిపూట ముఖమంతా రాస్తున్నాను, నాలుగు నెలలైంది. మొదటి నెల ముఖం బాగా తేలింది, అందుకే ఆపలేదు. ఒక్కరోజు రాయకపోతే ఎర్రగా అయి దురద వస్తోంది. ట్యూబ్ మీద హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటసోన్ అని మూడు పేర్లు ఉన్నాయి. ఇది మామూలు క్రీమే అనుకుని మొదట రాయలేదు, క్షమించండి. ఎండలో మంట ఉంది. థైరాయిడ్ పరీక్ష చేయించుకోలేదు.


చర్మవైద్యం_పీజీ
డిసెంబర్ 12, ఉదయం 7:50

అక్కా, క్షమాపణ అడగాల్సిన పని లేదు. చెప్పడమే మేలైంది.

ఆ మూడింటిలో హైడ్రోక్వినోన్ మచ్చల రంగు తగ్గించేది, మొమెటసోన్ స్టెరాయిడ్. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పల్చబడుతుంది, సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, మొటిమలు వస్తాయి, రోమాలు పెరుగుతాయి. ఆపితే ఎర్రగా మండుతుంది, ఆ మంట తట్టుకోలేక మళ్ళీ రాస్తారు. మీరు ఒక్కరోజు ఆపితే వచ్చిన దురద అదే. ట్రెటినోయిన్ పైపొర కణాలను త్వరత్వరగా రాల్చేస్తుంది, తడి ఎక్కువగా బయటికి పోతుంది. ఆ పైన మీరు పొడి గదిలో సీరం ఒక్కటే రాశారు. పాపం ఆ సీరం తప్పు చాలా తక్కువ. ఇంట్లో గోడలే పగిలి ఉంటే కిటికీకి పరదా కట్టి లాభం లేదు.

ఈ వారంలోనే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళండి. ఆదిలాబాద్‌లోనే రిమ్స్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, అక్కడి చర్మవ్యాధుల ఓపీకి వెళ్ళొచ్చు. ఆ ట్యూబ్ వెంట తీసుకెళ్ళండి, ఎన్ని నెలలు రాశారో దాచకుండా చెప్పండి. ఎలా ఆపాలో వాళ్ళు చూసి చెబుతారు, కొందరికి మెల్లగా తగ్గిస్తారు, కొందరికి వేరే మందు ఇచ్చి ఒకేసారి ఆపుతారు. పెళ్ళి తర్వాత గర్భం ఆలోచన ఉంటే ట్రెటినోయిన్ సంగతి తప్పకుండా గుర్తుచేయండి, ఆ సమయంలో వాడకూడదు. థైరాయిడ్ కూడా ఒకసారి చూపించుకోండి, అది తక్కువగా ఉన్నా చర్మం ఇలాగే పొడిబారుతుంది.

డాక్టర్ చూసేదాకా మెత్తటి క్లెన్సర్, వాసన లేని చిక్కటి క్రీమ్, పగలు సన్‌స్క్రీన్. ఇంకేమీ వద్దు. హైలురోనిక్ యాసిడ్ కూడా కొన్నాళ్ళు పక్కన పెట్టండి. దాంతో ప్రమాదమని కాదు. దెబ్బతిన్న చర్మం మీద ఎన్ని తక్కువ రాస్తే అంత మంచిది. పగిలిన చోట చిన్న గొలుసుల రకం కొందరికి చురుక్కుమనిపిస్తుంది కూడా.


మందుల_షాపు_బెజవాడ
డిసెంబర్ 12, ఉదయం 9:15

ఇది చదివి మనసు బాధపడింది. నా వృత్తివాళ్ళే చీటీ లేకుండా ఇచ్చారు. 2018లో మొమెటసోన్ లాంటి పూత స్టెరాయిడ్లను కూడా కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. నా కౌంటర్‌కు వారానికి నలుగురైదుగురు ఆడపిల్లలు ఇవే ట్యూబ్‌లు అడుగుతూ వస్తారు. నేను ఇవ్వనంటే పక్క షాపుకు వెళ్ళిపోతారు. మీ ఇళ్ళల్లో ఎవరైనా ముఖానికి ట్యూబ్ రాస్తుంటే తిప్పి చూడండి. మొమెటసోన్, బెటామెథసోన్, క్లోబెటసాల్, ఫ్లూయోసినోలోన్, ఈ పేర్లలో ఏదున్నా ఎవరు రాసిచ్చారో అడగండి.


పెద్దమ్మ_కర్నూలు
డిసెంబర్ 12, మధ్యాహ్నం 12:20

అమ్మా, నీ రంగు నీకు మీ అమ్మానాన్నలు ఇచ్చింది. నిన్ను చూసి ఇష్టపడే కదా పెళ్ళి ఖాయం చేసుకున్నారు. నేను నూనె రాయమన్నాను, ఇప్పుడు అది కూడా వద్దు. డాక్టర్ చెప్పేదాకా ఏదీ రాయకు. ఒక్కదానివే వెళ్ళకు, మీ అమ్మను తోడు తీసుకెళ్ళు.


రియాద్_నర్సు
డిసెంబర్ 12, రాత్రి 11:40

చెల్లీ, నేను అంత నమ్మకంగా హీటర్ వల్లే అని రాశాను. నర్సునై ఉండి వేరే క్రీములు వాడుతున్నావా అని అడగలేదు, అది నా పొరపాటు. డాక్టర్ దగ్గరికి వెళ్ళి వచ్చాక తప్పకుండా రాయి, ఎదురుచూస్తుంటాను.


చలిగాలి_ఆదిలాబాద్
జనవరి 24, రాత్రి 8:30

అందరూ గుర్తుపెట్టుకుని అడిగారు, ఆలస్యానికి మన్నించండి. రాసే ఓపిక లేని రోజులు గడిచాయి.

డిసెంబర్ 15న అమ్మతో వెళ్ళాను. డాక్టర్ ట్యూబ్ చూసి పీజీ గారు చెప్పిందే చెప్పారు. ఆపాక రెండు వారాలు నరకం. ముఖం కందిపోయి, చిన్న చిన్న పొక్కులు వచ్చి, బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చోలేక సెలవు పెట్టాను. స్టెరాయిడ్ లేని పూతమందు, మింగే మాత్రలు ఇచ్చారు. దానితో పాటు రోజుకు మూడుసార్లు ఉత్త క్రీమ్. గ్లిజరిన్, సెరమైడ్, పెట్రోలియం జెల్లీ ఉన్నది, 250 రూపాయల లోపే. మూడో వారం నుంచి మంట తగ్గింది. థైరాయిడ్ నాకు మామూలుగానే ఉంది. తోడుగా వచ్చిందని అమ్మకూ చేయించాం, ఆమెకు తక్కువగా ఉందని తేలింది. ఏళ్ళ తరబడి కాళ్ళు పగులుతుంటే చలి వల్లే అనుకున్నాం. చలి అంతగా పడకపోవడం కూడా దానివల్లే అయ్యుండొచ్చట. ఇప్పుడు మాత్ర వేసుకుంటోంది.

మొన్న చూపించుకున్నప్పుడు సీరం మళ్ళీ మొదలుపెట్టవచ్చా అని అడిగాను. రోజుకు ఒకసారి, తడి ముఖం మీద రెండు చుక్కలు, పైన క్రీమ్ అన్నారు. వారమైంది. గుంజడం లేదు. ఎక్కువ రాస్తే సన్‌స్క్రీన్ కింద చిన్న చిన్న ఉండల్లా రాలుతోంది, రెండు చుక్కలకు తగ్గించాక అదీ లేదు. మచ్చలు కొన్ని ఉన్నాయి. ఉండనీ అనుకుంటున్నాను.

రెండు సందేహాలు. ఈ సీసా నవంబర్‌లో తెరిచాను, పెళ్ళిదాకా పనికొస్తుందా? ఇంకొకటి, పెళ్ళికి ముందు నలుగు పెడతారు కదా. శనగపిండి, పసుపు ముఖానికి రుద్దొచ్చా?


మందుల_షాపు_బెజవాడ
జనవరి 24, రాత్రి 9:10

సీసా మీద మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మ ఉంటుంది, దాని మీద 6 ఎం అనో 12 ఎం అనో రాసి ఉంటుంది. తెరిచాక అన్ని నెలలు వాడొచ్చని అర్థం. ఆరు ఉన్నా మీకు ఏప్రిల్ దాటి వస్తుంది. డ్రాపర్ ముఖానికి తగలనివ్వకండి, హీటర్ ఉన్న గదిలో ఉంచకండి. రంగు మారినా, వాసన వచ్చినా, నీళ్ళలా పల్చబడినా పారేయండి.


చర్మవైద్యం_పీజీ
జనవరి 24, రాత్రి 10:30

అక్కా, చాలా సంతోషం. అమ్మగారి సంగతి బయటపడటం ఇంకా సంతోషం.

నలుగు ముఖానికి ఈసారి వద్దు. పిండి రుద్దితే పైపొర గీసుకుపోతుంది, మీది ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్న చర్మం. చేతులకు, కాళ్ళకు పెట్టించుకోండి. మేకప్ ఆర్టిస్ట్ వాడే ప్రైమర్, ఫౌండేషన్ వారం ముందే తెప్పించి దవడ కింద రాసి రెండు రోజులు చూడండి. ఫేషియల్, బ్లీచ్ ఎవరు చెప్పినా వద్దు.


పెద్దమ్మ_కర్నూలు
జనవరి 25, ఉదయం 6:15

ముఖానికి శాస్త్రానికి బుగ్గ మీద ఒక్క చుక్క నూనె అద్ది, నలుగు పాదాలకు పెట్టినా తప్పు లేదమ్మా. మా మనవరాలికి అలాగే చేశాం.


చలిగాలి_ఆదిలాబాద్
జనవరి 25, ఉదయం 8:00

పెద్దమ్మా, మీరు రాసింది మా మేనత్తకు చదివి వినిపించాను. నలుగు పెట్టేది ఆమే. ముఖానికి పెట్టకపోతే ఎలా అని మొదట కాసేపు బాధపడింది. తర్వాత నా బుగ్గ దగ్గరగా చూసి, పాదాలకు, చేతులకు పెడతానంది.